దిగింది సీటా, బండా?

క్రూయిజర్ మోటార్‌సైకిల్ ఎత్తు తగ్గించడం గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ కుర్రాళ్లు బండ్ల మడ్‌గార్డులు కోశారు, కాలిఫోర్నియా గ్యారేజీల్లో చాపర్లు పుట్టాయి, ఆ సోకు చూసి 1977లో హార్లీ-డేవిడ్‌సన్ ‘లో రైడర్’ తెచ్చింది, మిగతా కంపెనీలు వెంటపడ్డాయి. ఇందులో అబద్ధమంటూ లేదు. కానీ రెండు వేరు వేరు పనుల్ని ఈ కథ ఒకే గాటన కట్టేసింది. సీటును దించడం ఒక పని. షాకు ఆడే చోటు తగ్గించి బండినే దించడం మరో పని. మొదటిదానికి పెద్ద ఖర్చు లేదు. రెండోదానికి నడిపేవాడి నడుము ఖర్చవుతుంది. ఏది ఎప్పుడు జరిగిందో విడదీయకపోతే ఎవరిని మెచ్చుకోవాలో, ఎవరిని నిలదీయాలో తెలియదు.

తొలి దశ గురించి తగాదా లేదు. హార్లీ పెద్ద బండ్లకు ముందు హైడ్రాలిక్ ఫోర్కు 1949లో హైడ్రా-గ్లైడ్‌తో వచ్చింది, వెనక షాకులు 1958లో డ్యుయో-గ్లైడ్‌తో. అంతవరకు వెనక చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉండేది. చక్రం ఆడదు కనుక దానిపైన ఖాళీ వదలాల్సిన పని లేదు. మడ్‌గార్డు టైరును అంటిపెట్టుకునే ఉండేది. స్ప్రింగు సీటు మాత్రం ఎత్తుగానే ఉండేది. దాన్ని పీకేసి పల్చని సీటు వేసుకున్నవాళ్లకే ఆ కిందిగీత దక్కింది. షాకులొచ్చాక వెనకభాగం పైకి లేచింది. అరవైల చాపర్ల వాళ్లు షాకుల్లేని ఫ్రేముకు తిరిగి వెళ్లారు, 1969లో ‘ఈజీ రైడర్’ సినిమా ఆ బండ్లను లోకానికి చూపించింది. అంటే వాళ్లు కొత్తగా ఏదీ దించలేదు, షాకులు ఎత్తిన బండిని పాతచోటికే చేర్చారు.

అసలు చిక్కు 1976 నుంచి ఎనభైల చివరి వరకున్న కాలంతో. విల్లీ జి. డేవిడ్‌సన్ గీసిన లో రైడరే తొలి ఫ్యాక్టరీ ‘దిగువ బండి’ అనేది చాలామంది మాట. దానికి ఏడాది ముందే, 1976లో, కవాసాకీ తన అమెరికా ఫ్యాక్టరీ నుంచి కెజెడ్900 ఎల్‌టీడీని వదిలింది. మెట్టు సీటు దానికీ ఉంది. 1978లో యమహా ఎక్స్‌ఎస్650 స్పెషల్ వచ్చింది. మామూలు ఎక్స్‌ఎస్650కి వెనక 18 అంగుళాల చక్రముంటే, దీనికి 16 అంగుళాలది. చక్రం చిన్నదైంది కనుక బండి దిగిందని రాసేస్తుంటారు. టైరును లెక్కలోకి తీసుకుంటే అది నిలవదు. 18 అంగుళాల రిమ్ము మీద 4.00 టైరు మొత్తం వ్యాసం 66 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, 16 అంగుళాల రిమ్ము మీద 130/90 టైరుది 64. ఇరుసు దిగేది ఇందులో సగమే, అంటే రమారమి ఒక సెంటీమీటరు. లావు టైరు, చిన్న రిమ్ము కంటికి కిందికి దిగినట్టు అనిపించాయి, అంతే. నిజంగా దిగింది సీటు. లో రైడర్ సీటు ఎత్తు 27 అంగుళాలకు తగ్గడంలోనూ లోతుగా చెక్కిన సీటుకు వాటా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆర్లెన్ నెస్ లాంటివాళ్లు ఫ్రేమునే దించి పొడుగ్గా సాగదీసిన మాట వాస్తవం. కానీ అవి ఒక్కొక్కటిగా చేత్తో కట్టిన బండ్లు. వేలల్లో అమ్మాల్సిన ఫ్యాక్టరీ వాటి ఆకారాన్ని తీసుకుంది, పద్ధతిని తీసుకోలేదు.

మరి ఫ్యాక్టరీకి సీటు దించాల్సిన అవసరమేమిటి? సోకు ఒక్కటే కాదంటాను. కాలు. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేలకు ఆనితే గానీ పావు టన్ను బండిని కొనే ధైర్యం చాలామందికి రాదు. ఎనభైల చివర హార్లీ 883 స్పోర్ట్‌స్టర్‌లో ‘హగ్గర్’ అనే పొట్టి రకం తెచ్చింది ఆ కొనుగోలుదారు కోసమే. ఆడవాళ్లు రావడంతోనే బండ్లు దిగాయన్న వాదన కూడా పూర్తిగా ఒప్పుకోలేను. డాట్ రాబిన్‌సన్ వంటివారు 1940లోనే ‘మోటార్ మెయిడ్స్’ సంఘం పెట్టి ఎత్తు బండ్లనే నడిపారు. ఇక్కడ చూడాల్సింది మగా ఆడా అన్నది కాదు, కాలి పొడవూ ఒంటి బరువూ. హార్లీ ప్రకటించే సీటు ఎత్తుల్లో ఒకటి 180 పౌండ్ల మనిషి కూర్చున్నాక కొలిచినది. అంటే దాదాపు 82 కిలోలు. 50 కిలోల మనిషి కూర్చుంటే షాకులు అంతగా కుంగవు. పొట్టి రైడరు కాగితం మీద చదివిన ఎత్తు ఆ రైడరుకు దక్కదు. సీటు ముక్కు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై ఇంకో అంగుళం పోతుంది. ఎత్తు తగ్గించిన చరిత్ర రాసినవాళ్లు ఈ కొలతను పట్టించుకోకపోవడం నాకు కష్టంగానే ఉంది.

ఆ కాలంలో మేలైన ఆలోచన బిల్ డేవిస్ అనే మిస్సోరీ ఇంజినీరుది. షాకుల్ని గేర్‌బాక్స్ కింద దాచి, పైకి షాకుల్లేని పాత ఫ్రేములా కనిపించే అమరిక ఆయన తయారుచేశాడు. హార్లీ దాన్ని కొని 1984లో సాఫ్ట్‌టెయిల్‌గా అమ్మింది. ఆ షాకులు నొక్కుకోవు, సాగుతాయి. అందుకే 2017 వరకు వచ్చిన సాఫ్ట్‌టెయిల్‌ను దించాలంటే మెకానిక్ బండి కింద దూరి షాకు పొడవు పెంచాలి. మామూలు బండికి పొట్టి షాకు వేసి అలవాటైన చెయ్యి మొదటిసారి ఇక్కడ తికమకపడుతుంది.

నా అభ్యంతరం ఆ తర్వాతి దశ మీద. 2009లో ఐరన్ 883, 2010లో ఫార్టీ-ఎయిట్ వచ్చాయి. ఫార్టీ-ఎయిట్ వెనక చక్రం ఆడే దూరం 1.6 అంగుళాలు, నాలుగు సెంటీమీటర్ల చిల్లర. సీటు దించడం దాటి బండిని దించడం ముదిరింది ఇక్కడే, అదీ ఫ్యాక్టరీ చేతులతో. పొట్టి రైడరు అవసరాన్ని చూపించి సోకును అమ్మారు. గుంట తగిలిందంటే షాకు చివరంటా కొట్టుకుని ఆ దెబ్బ వెన్నుకే వస్తుంది. మలుపులో వంచితే ఫుట్‌రెస్టు ముందే రోడ్డుకు రాసుకుంటుంది. వెనక మాత్రమే దించితే ఫోర్కు వాలు పెరిగి హ్యాండిల్ బద్ధకిస్తుంది, సైడ్ స్టాండు పొడవైపోయి బండి నిటారుగా నిలబడి అవతలి పక్కకు ఒరుగుతుంది.

మన రోడ్ల మీద ఇది ఇంకా గట్టిగా తెలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. చక్రాల మధ్య దూరం మీటరున్నర ఉన్న క్రూయిజర్ దాన్ని దాటేటప్పుడు ఆ గుబ్బ బండి కడుపులోకి చొచ్చేది రెండు సెంటీమీటర్ల లోపే. కాలనీవాళ్లు సిమెంటుతో పోసుకున్న సన్నటి దిమ్మె అలా కాదు, ఎంత ఎత్తుంటే అంతా రెండు చక్రాల నడుమకే వస్తుంది. 135 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 మీద ఇద్దరెక్కితే మిగిలే ఖాళీ ఇంకా తక్కువ. అలాంటి బండికి పొట్టి షాకులు వేయించుకునేవాళ్లను ఆపమనే చెబుతాను. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పిన సంగతి అలా ఉంచినా సరే. కాలు అందకపోతే ముందు సీటు ఫోమ్ చెక్కించాలి, ముక్కు సన్నం చేయించాలి.

ఫ్యాక్టరీల దగ్గర ఇంతకన్నా మంచి జవాబు ఇప్పటికే ఉంది. హార్లీ 2021లో తెచ్చిన పాన్ అమెరికా స్పెషల్‌లో, బండి ఆగే ముందు తనంతట తాను దిగి, కదిలాక మళ్లీ లేచే ఏర్పాటుంది. కాలూ అందుతుంది, షాకు ఆడే చోటూ పోదు. ఆ ఏర్పాటు ముందు రావాల్సింది క్రూయిజర్‌కు. వచ్చింది కొండలూ గుట్టలూ ఎక్కే బండికి.