నడుస్తున్న సర్వర్‌కు ఎల్‌సీ

రాత్రి రెండు కావస్తోంది. హనుమకొండ చౌరస్తాలో ఆఖరి టిఫిన్ బండి కూడా కట్టేశారు. నక్కలగుట్ట దారిలో మే నెల సెగ ఇంకా తగ్గలేదు, చొక్కా వీపుకు అతుక్కునే ఉంది. రెండో అంతస్తుకు ఎక్కి సర్వర్ గది అద్దాల తలుపు నెట్టగానే ఆ చెమట మీద ఏసీ గాలి తగిలి ఒళ్లు జలదరిస్తుంది. లోపల ఫ్యాన్ల హోరు. మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే.

"మీరు ర్యాక్‌కు ఆనుకోకుండ్రి. గా పక్కకు నిలబడుండ్రి," అంటాడు సీనియర్ ఇంజినీరు. నలభై దాటిన మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ల్యాప్‌టాప్ తెర చూస్తున్నాడు. పక్కన ఇరవై రెండేళ్ల కుర్రాడు. హసన్‌పర్తి పిల్లవాడు, తండ్రి లైన్‌మన్. చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని అప్పుడే సిద్ధంగా ఉన్నాడు.

ర్యాక్ మధ్యలో ఉన్నది నాలుగు ప్రాసెసర్ల పాత పెద్ద యంత్రం. ఒక ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టులన్నీ దాని మీదే నడుస్తాయి. అందులోని నెట్‌వర్క్ కార్డు ఒకటి కొన్నాళ్లుగా పేచీ పెడుతోంది. లింకు పడిపోతుంది, మళ్లీ తనంతట తనే లేస్తుంది, లాగ్‌లో తప్పుల లెక్క పెరుగుతూ పోతుంది. దాన్ని తీసేయాలి. కానీ అత్యవసర విభాగానికి రాత్రీ పగలూ తేడా లేదు కాబట్టి సర్వర్ ఆగకూడదు.

"అన్నా, గిదే గదా కార్డు? తీయాల్నా?"

"ఆగు తమ్మీ. మీ నాయన స్తంభం ఎక్కే ముందు ఏం జేస్తడు?"

"ఎల్‌సీ తీస్కుంటడు."

"మరి నువ్వు?"

ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది ఈ నక్కలగుట్టలోనే. ఎల్‌సీ, అదే లైన్ క్లియర్, అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి అడగాలి. ఆపరేటర్ బ్రేకర్ తీసి, రిజిస్టర్‌లో రాసుకుని, సరేననాలి. ఆ తర్వాత కూడా లైన్‌కు ఎర్తింగ్ రాడ్లు తగిలించకుండా చెయ్యి వేయకూడదు. పని అయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. ఈ గదిలో జరగబోయేదీ అచ్చంగా అదే వరస.

ముందు, ఈ స్లాట్‌కు అసలు యంత్రం నడుస్తుండగానే కార్డు తీసే సదుపాయం, అంటే హాట్‌ప్లగ్, ఉందా లేదా అని చూడాలి. మామూలు సర్వర్లలో చాలావాటికి ఉండదు. డిస్కులూ, పవర్ సప్లైలూ నడుస్తుండగా లాగేయవచ్చు కదా అని కార్డును కూడా అలాగే లాగితే కథ అక్కడితో ముగుస్తుంది. హాట్‌ప్లగ్ స్లాట్‌కు విడిగా కరెంటు తీసి వేసే సర్క్యూట్ ఉంటుంది, పక్కన రెండు చిన్న దీపాలుంటాయి: ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. కొన్ని కంపెనీలు రంగుతో కూడా చెబుతాయి. ఐబీఎం యంత్రాల్లో నారింజ రంగు పిడి కనిపిస్తే నడుస్తుండగా తీయవచ్చని అర్థం, హెచ్‌పీలో ముదురు మెరూన్. ఇక్కడ మూత మీది బొమ్మలో ఏ స్లాట్ హాట్‌ప్లగ్ రకమో అచ్చువేసి ఉంది. సీనియర్ టార్చి వేసి చదువుతాడు. మీరూ మెడ చాచి చూస్తారు.

ఇక ఏ కార్డు? లోపల చూడబోతే నాలుగు కార్డులు, ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. కుర్రాడు వేలు పెట్టి చూపిస్తున్నది మూడో స్లాట్. సీనియర్ ఆ వేలిని నమ్మడు. ఈత్‌టూల్ అనే కమాండుతో అడిగితే, పేచీ పెడుతున్న పోర్టు పీసీఐ చిరునామా 0బీ:00.0 అని తెరమీద పడుతుంది. ఆ చిరునామా ఏ స్లాట్‌దో లినక్స్‌లో స్లాట్ల డైరెక్టరీ చెబుతుంది: నాలుగు. అంతటితో ఊరుకోకుండా అదే ఈత్‌టూల్‌తో పోర్టు దీపాన్ని వెలిగించి ఆర్పమంటాడు. "వెనకకు పోయి చూడు." కుర్రాడు ర్యాక్ వెనక్కి పోతాడు. మీరూ వెంట వెళ్తారు. వెనకవైపు గాలి వేడిగా ముఖానికి కొడుతుంది. తీగల గుబురులో ఒక్క దీపం మాత్రం టపటపా కొట్టుకుంటోంది. మూడోది కాదు, నాలుగోదే.

"అన్నా, నాలుగు."

"ఇగ రాయి." రిజిస్టర్‌లో స్లాట్ నంబరు, చిరునామా, టైము పడతాయి. రెండు కేబుళ్లకూ తెల్ల టేపు చుట్టి పెన్నుతో గుర్తులు పెడతారు.

రెండు కేబుళ్లు. చిక్కంతా అక్కడే ఉంది. కార్డు ఒకటే అయినా దానికి పోర్టులు రెండు. 0బీ:00.0 పక్కనే 0బీ:00.1 కూడా ఉంది. స్లాట్‌కు కరెంటు తీస్తే రెండూ పోతాయి. మొదటి పోర్టు సంగతి తేలికే. మదర్‌బోర్డు మీదున్న ఇంకో పోర్టుతో దాన్ని బాండింగ్‌లో కట్టారు, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. మరి ఆ రెండో పోర్టులో ఏం నడుస్తోంది? సీనియర్ చూసి పెదవి విరుస్తాడు. రాత్రి బ్యాకప్, సగంలో ఉంది.

కాబట్టి ఆగాలి. ఇలాంటి పనుల్లో కష్టమైన భాగం ఇదే అనిపిస్తుంది నాకు. చేతులు సిద్ధంగా ఉంటాయి, మూత తీసి ఉంటుంది, అయినా ఊరికే నిలబడాలి. కుర్రాడు కాళ్లు మార్చుకుంటున్నాడు. దూరంగా కాజీపేట వైపు నుంచి రైలు కూత లీలగా వినిపిస్తుంది.

"లాగితే ఏమైతదన్నా, నిజంగ?"

సీనియర్ కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. కార్డు ఖాళీగా కూర్చునేది కాదు, వచ్చిన డేటాను ప్రాసెసర్‌ను అడక్కుండా నేరుగా మెమరీలో రాస్తూ ఉంటుంది. మధ్యలో ఊడితే ఆ రాత ఎక్కడికక్కడ తెగుతుంది. ప్రాసెసర్‌కు మాత్రం కార్డు పోయిన సంగతి తెలియదు. అడుగుతూనే ఉంటుంది. లేని కార్డు నుంచి జవాబుగా అన్నీ ఒకట్లే వస్తాయి, 32 బిట్లు అడిగితే 32 ఒకట్లు. డ్రైవర్ ఆ చెత్తనే నిజమనుకుంటే తిరిగిన చోటే తిరుగుతూ ఉండిపోవచ్చు. మొత్తం యంత్రమే కుప్పకూలినా ఆశ్చర్యం లేదు. కరెంటు ఉన్న అంచు వంకరగా ఊడి పక్క కాంటాక్టుకు తగిలితే కార్డూ స్లాటూ రెండూ కాలతాయి.

అందుకే 1997లో పీసీఐ హాట్‌ప్లగ్ నిబంధనలు వచ్చాయి. కాంపాక్ లాంటి సర్వర్ కంపెనీలు ముందుండి తెచ్చాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాక ఈ ఏర్పాటును దాని మూల నిబంధనల్లోనే చేర్చారు. కార్డు ఉందా లేదా అని చెప్పే కాంటాక్టులను మిగతావాటికంటే పొట్టిగా పెట్టారు. దిగేటప్పుడు అవి ఆఖరున తగులుతాయి, ఊడేటప్పుడు ముందుగా విడిపోతాయి. యంత్రానికి ఆ క్షణంలో ఒక సూచన అందుతుంది. అది పొరపాటు జరిగినప్పటి జాగ్రత్త, దాన్ని నమ్ముకుని లాగమని కాదు.

బ్యాకప్ అయిపోయింది. తెరమీద ఆ మాట పడగానే ఇద్దరూ లేస్తారు.

ముందు మొదటి పోర్టును బాండింగ్ నుంచి విడదీస్తారు. పనంతా రెండో దారికి మళ్లిందని చూసుకుంటారు. ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు, ఎందుకంటే రెండో కేబుల్ అసలు స్విచ్‌కు తగిలించి లేని బాండింగులు లోకంలో చాలానే ఉన్నాయి. తర్వాత కార్డు మీది రెండు పోర్టులనూ డౌన్ చేస్తారు. ఇదే డిస్కులకు పోయే కార్డు అయితే ఈ పాటికి ఫైల్ సిస్టమ్‌లు దించే పని ఉండేది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కే దానికి వేలాడుతూ, వేరే దారి లేకపోతే, ఇక ఆ కార్డు జోలికి పోకూడదు.

"ఇగ అడుగు ఎల్‌సీ."

నాలుగో స్లాట్ పవర్ ఫైల్‌లో కుర్రాడు సున్నా రాస్తాడు. ఎంటర్. స్లాట్ పక్కన ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటుంది. అంటే వ్యవస్థ డ్రైవర్‌ను విడిపిస్తోంది, చెయ్యి పెట్టొద్దని అర్థం. స్లాట్ దగ్గరి బటన్‌తో కూడా ఇదే పని చేయవచ్చు. అలా నొక్కితే మనసు మార్చుకోవడానికి ఐదు సెకన్లు ఇస్తుంది, ఆలోపు మళ్లీ నొక్కితే రద్దు. మిణుకు ఆగింది. దీపం ఆరింది. పసుపు దీపం వెలగలేదు, అంటే తేడా ఏమీ లేదు.

"ఆరింది గదన్నా?"

"లిస్టుల చూడు."

పీసీఐ పరికరాల జాబితా మళ్లీ తీస్తే 0బీ వరుసలు రెండూ లేవు. కెర్నల్ లాగ్‌లో కొత్త తప్పు ఒక్కటీ లేదు. సీనియర్ తల ఊపుతాడు.

కుర్రాడు మణికట్టుకు యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకుని, క్లిప్పును రంగు వేయని చట్రం అంచుకు కొరికిస్తాడు. వెనక రెండు కేబుళ్లూ ఊడతాయి. స్లాట్ గొళ్లెం ఎత్తుతాడు. బొటనవేళ్లు కార్డు రెండు అంచుల మీద, చిప్పుల మీద కాదు. పక్కలకు ఊపకుండా నిలువుగా పైకి లాగుతాడు. మొదట కాస్త మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. చేతిలో కార్డు వెచ్చగా ఉంది. బంగారు పూత అంచు మీద గోకుడు గీతలేమైనా ఉన్నాయేమోనని టార్చి వెలుగులో తిప్పి చూసి, వెండిరంగు సంచిలో వేస్తాడు. మూత తెరిచినప్పటి నుంచీ వేగం పెంచుకున్న ఫ్యాన్లు ఇప్పుడు ఈలలు వేస్తున్నాయి. ఖాళీ సందుకు రేకు బిగించి, మూత మూస్తే గానీ అవి శాంతించవు.

కొత్త కార్డు ఇంకా రాలేదు. అందాకా స్లాట్ ఖాళీ, ఎల్‌సీ ఇంకా కుర్రాడి పేరు మీదే ఉంది. రిజిస్టర్‌లో అలాగే రాస్తారు.

సీనియర్ ల్యాబ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెడతాడు.

"అక్కా, రిపోర్టులు వస్తున్నయా?"

"వస్తున్నయ్ సార్. ఎందుకు?"

"ఊరికెనే అడిగిన."

"ప్రింటర్ల కాయితాలు అయిపోవచ్చినయ్ సార్. పొద్దుగాల రెండు కట్టలు పంపుండ్రి."