విడాకుల ఉత్తర్వుల ఉల్లంఘన – న్యాయస్థాన ధిక్కారం: సైబరాబాద్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అటుపై ఈ ప్రాంతంలో నెలజీతం నేరుగా బ్యాంకు ఖాతాకు చేరే, అవసరమైతే దేశమే మారగల ఉద్యోగవర్గం స్థిరపడింది. ఈ వర్గపు దంపతులు విడిపోయినప్పుడు మనోవర్తి, బిడ్డల సంరక్షణ ఉత్తర్వులు అమలుకాకపోతే ధిక్కార పిటిషనే మార్గమన్న భావన ఉన్నది. ఈ భావనను దాంపత్య ఉత్తర్వుల అమలు చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వలసపాలనలో దాంపత్య హక్కుల పునరుద్ధరణ డిక్రీని ధిక్కరించినవారికి జైలుశిక్ష విధించే వీలుండేది. 1887లో బొంబాయిలో రుఖ్మాబాయి భర్త ఇంటికన్నా జైలుకే సిద్ధపడింది. 1923 సవరణ ఆ జైలుశిక్షను తొలగించి ఆస్తి జప్తును మిగిల్చింది. కడపలో మొదలైన నటి సరిత వ్యాజ్యంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి 1983లో హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడు సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. నిర్బంధం మనిషి దేహం నుండి ఆస్తికి మళ్ళడమే ఈ చరిత్ర సారం.

1971 నాటి న్యాయస్థాన ధిక్కార చట్టం పరిధి వేరు. ఉల్లంఘన ఉద్దేశపూర్వకమని రుజువు కావాలి. ఉద్యోగం పోయి చెల్లించలేనివాడు ధిక్కారి కాడు. ఏడాదిలోగా చర్య మొదలవ్వాలి. గరిష్ఠ శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కుటుంబ న్యాయస్థానం ఉత్తర్వును ఉల్లంఘించినా ఈ చట్టం కింద శిక్షించేది హైకోర్టే.

అందువల్ల ధిక్కారం అవిధేయతను శిక్షిస్తుందే తప్ప బకాయిని రాబట్టదు. మనోవర్తి ఎగవేసి జైలుకు వెళ్ళినా బాకీ తీరదని సుప్రీంకోర్టు 1989లో స్పష్టం చేసింది. మనోవర్తి డిక్రీ అమలులో జీతంలో మూడోవంతుకే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. తక్కినది జప్తు చేయవచ్చు. రజనీష్–నేహా తీర్పు (2020) ఉభయపక్షాల ఆస్తి, ఆదాయ ప్రమాణపత్రాలను తప్పనిసరి చేసింది. జీతపు చీటీ గల ఉద్యోగి విషయంలో ఈ మార్గమే ఫలవంతం.

అయితే బిడ్డను చూపించమన్న ఉత్తర్వుకు, విదేశానికి తీసుకుపోనన్న హామీకి జీతపు జప్తు ప్రత్యామ్నాయం కాదు. పరస్పర అంగీకార విడాకులలో ఇచ్చిన హామీ తప్పడం ధిక్కారం కాగలదని, అయినా విడాకులకు అంగీకరించమని బలవంతపెట్టరాదని ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం 2018లో పేర్కొన్నది. డబ్బుతో పూడ్చలేని ఉల్లంఘనలకే ధిక్కారాధికారం అసలైన ఆయుధమని ఈ పరిశీలన నిరూపిస్తున్నది.