తూటా కొవ్వు: కాంట్రాక్టులో రాయని మాట

1857 సిపాయిల తిరుగుబాటు మాట వస్తే మన హేతువాద మిత్రులే కొందరు, "ఆవు కొవ్వనీ పంది కొవ్వనీ మూఢనమ్మకంతో తిరగబడ్డారు" అని నవ్వేస్తారు. నేనూ చాలాకాలం నవ్వినవాణ్ణే. రిటైరై ఢిల్లీ పక్కన స్థిరపడ్డాక, మీరట్ డెబ్బై కిలోమీటర్ల దూరమే కదా అని ఆ చరిత్ర తీరిగ్గా చదివాను. నవ్వు తగ్గింది. నాది బి.కాం. చదువు, డిఫెన్స్ అకౌంట్స్ ఉద్యోగం. అందుకని మతం సంగతి కాసేపు పక్కనపెట్టి, సరుకు కొన్న తీరు చూద్దాం.

ముందు తూటా ఎలా ఉండేదో తెలియాలి. ఇప్పుడు విదేశాల్లో షూటింగ్ సరదా ఉన్నవాళ్లు రైఫిల్ తూటాలు ఇంట్లో తామే తయారు చేసుకుంటారు. ఇత్తడి గొట్టంలో గుండు ఎంత లోతుకు దిగాలి, గొట్టం అంచు దాని చుట్టూ ఎంత బిగువుగా నొక్కాలి అన్నదే వాళ్ల తర్జనభర్జన. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు ఇత్తడి లేదు, కాగితం పొట్లమే. ఒక కొస మందు, రెండో కొస గుండు. సిపాయి మందు కొసను పళ్లతో చింపి, మందు తుపాకీ మూతిలో పోసి, పొట్లం తిరగేసి గుండు కొసను దూర్చి, మిగిలిన కాగితం తుంచేసి, ఊచతో దిగగొట్టాలి. తుపాకీ గొట్టం లోపలి కొలత 0.577 అంగుళం, గుండు 0.568. మధ్య సందు నింపేది కాగితం, అది జారేలా చేసేది కొవ్వు. గుండు మరీ బిగువుగా ఉందని తర్వాత 1859లో 0.55కు తగ్గించారు.

ఒకటి గమనించండి. కొవ్వు పూసింది గుండు కొసకు, కొరికేది రెండో కొసను. కాబట్టి "కొవ్వు కొరికించారు" అన్నది అక్షరాలా సరికాదు. కానీ మన ఎండలకు కరిగిన కొవ్వు కాగితం వెంట పాకదని ఎవరు హామీ ఇస్తారు? పైగా ఆచారం పాటించే బ్రాహ్మణ సిపాయికి చేత్తో తాకడమే చాలు.

ఇక కాగితాలు. ఈ తూటాలు వాతావరణానికి తట్టుకుంటాయో లేదో చూడ్డానికి 1853లోనే ఇండియాకు వచ్చాయి. బెంగాల్ సైన్యం అడ్జుటెంట్ జనరల్ టక్కర్ అప్పుడే రాశాడు: కులానికి అభ్యంతరం లేని కొవ్వని తేలేదాకా దేశీయ పటాలాలకు ఇవ్వొద్దని. ఆ ఉత్తరం మిలిటరీ బోర్డుకు వెళ్లి అక్కడే పడుకుంది. ఆఫీసుల్లో జీవితం గడిపిన నాకు ఇందులో ఆశ్చర్యం లేదు.

1857 జనవరిలో డమ్‌డమ్‌లో పుకారు పుట్టాక విచారించారు. కలకత్తా ఫోర్ట్ విలియం ఆయుధాగారంలో వాడిన కొవ్వు కాంట్రాక్టరు సరఫరా చేసింది. ఏ జంతువుదో ఒప్పందంలో లేదు, ఎవరూ అడగలేదు. మా ఆడిట్‌లో అయితే అక్కడే అబ్జెక్షన్ పడేది. పంది కొవ్వుకు రుజువు దొరకలేదు. ఆవు కొవ్వు లేదని మాత్రం ఆ సరుకు చూసి ఏ నిజాయితీపరుడూ సర్టిఫికెట్ ఇవ్వలేడు. పుకారు నిరూపణ కాలేదు, కొట్టేయడానికీ వీల్లేదు. ఎముకల పొడి కలిపిన పిండి పుకారు వేరు, ఈ పుకారు వేరు. రెంటినీ ఒకే గాట కట్టడం హేతువాదం కాదు.

జనవరి నెలాఖరుకే ప్రభుత్వం సర్దుకుంది. కొవ్వు లేని తూటాలిస్తాం, మీకు నచ్చింది మీరే పూసుకోండి అంది. పళ్లతో కాక చేత్తో చింపే డ్రిల్లు కూడా తెచ్చింది. అప్పటికి శిక్షణ కేంద్రాల్లోని సిపాయిలు ఆ తూటాలు కాల్చే దశకే రాలేదు. అయినా మాట చెల్లలేదు. నిన్నటిదాకా ఏమీ లేదన్నవాళ్లు ఇవాళ మార్చారంటే ఏదో ఉందన్నమాటే అనుకున్నారు సిపాయిలు. ఆ తర్కంలో తప్పెక్కడుందో నాకు కనబడదు.

ఏప్రిల్ 24న మీరట్‌లో కల్నల్ కార్మైకేల్ స్మిత్ మూడో లైట్ కేవల్రీలో తొంభై మందిని నిలబెట్టి, కొత్త డ్రిల్లు చూపిస్తానని తూటాలు తీసుకోమన్నాడు. 85 మంది తీసుకోలేదు. సైనిక కోర్టులో కూర్చున్న 15 మందీ భారతీయ అధికారులే, 14 మంది నేరస్థులన్నారు. ఎక్కువమందికి పదేళ్ల కఠిన శిక్ష. మే 9న పెరేడు మైదానంలో అందరి ముందూ సంకెళ్లు వేశారు. మర్నాడు సాయంత్రం మీరట్ లేచింది, 11 ఉదయానికి సిపాయిలు ఢిల్లీ చేరారు.

ఆ 85 మంది వద్దన్నవి ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు. అంతకుముందు ఏళ్ల తరబడి వాళ్లు వాడుతూ వచ్చిన పాత రకానివే.