వంటింటికి వచ్చిన ప్రత్తిగింజ

పాడిగేదె ఉన్న ఇంటివారికి ప్రత్తిగింజ విలువ వేరే చెప్పనక్కర లేదు. నానబెట్టి, రుబ్బి, తవుడుతో కలిపి పెడితే పాలలో వెన్న పెరుగుతుందని వారి నమ్మకం. అందులో నిజమున్నది, గింజ బరువులో ఇంచుమించు అయిదవ వంతు నూనె. అయినా ప్రత్తి విస్తారంగా పండే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో వంటకు వేరుసెనగ, నువ్వుల నూనెలకే వాడుక ఎక్కువ. గేదెకు పనికివచ్చిన గింజ మనిషికి ఎందుకు పనికిరాలేదు?

గింజపప్పును కోసి చూస్తే నల్లని చుక్కలు కనబడతాయి. అవి సూక్ష్మగ్రంథులు. వాటిలోని పసుపుపచ్చని పదార్థమే గాసిపోల్. పురుగుల బారినుండి మొక్కకు అది రక్షణ. 1899లో పోలండు రసాయనజ్ఞుడు మార్ఖ్‌లెవ్‌స్కీ దానిని స్ఫటికాలుగా వేరుచేసి పేరు పెట్టాడు. పెద్ద పశువుల మొదటి పొట్టలో అది మాంసకృత్తులతో బంధింపబడి చాలావరకు నిర్వీర్యమవుతుంది. కోళ్ళకు, పందులకు, లేగదూడలకు ఆ సదుపాయం లేదు, మనిషికీ లేదు. చైనాలో 1970 దశకంలో దీనిని పురుషులకు సంతాన నిరోధక ఔషధంగా పరీక్షించారు. రక్తంలో పొటాషియం తగ్గటం, కొందరికి సంతానశక్తి తిరిగి రాకపోవటం చూచి ఆ ప్రయత్నం విరమించవలసి వచ్చింది. కనుక గానుగ ఆడించిన ముడి ప్రత్తినూనెను వంటకు వాడరాదు.

ఈ చిక్కును విప్పినది అమెరికా. 1793లో విట్నీ జిన్ను యంత్రం వచ్చిన తరువాత అక్కడ గింజలు గుట్టలు పడ్డాయి. దూదికంటె గింజ బరువే ఎక్కువ కదా! ముడి నూనెకు కాస్టిక్ సోడా ద్రావణం కలిపితే విడి ఆమ్లాలు సబ్బుగా మారి, గాసిపోల్‌ను వెంటబెట్టుకొని అడుగుకు దిగుతాయి. కాని వాసన మిగిలింది. 1900 ప్రాంతంలో డేవిడ్ వెస్సన్ తక్కువ పీడనంలో వేడి ఆవిరిని పంపి దానినీ తొలగించాడు. 1902లో నార్మన్ నికెల్ సాయంతో నూనెకు ఉదజని ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందాడు. 1911లో ప్రత్తినూనె గట్టిపడి ‘క్రిస్కో’ అనే డబ్బా క్రొవ్వుగా అంగడికి వచ్చింది. మన వనస్పతి ఆ కుటుంబానిదే. అర్ధ ఉదజనీకరణంలో పుట్టే ట్రాన్స్ క్రొవ్వులు గుండెకు చెరుపని తరువాత తెలిసింది. 2022 నుండి మన దేశంలో వాటికి నూటికి 2 వంతుల పరిమితి ఉన్నది.

శుద్ధిచేసిన నూనెకు తనదైన రుచి లేదు. బజ్జీ బజ్జీలాగే ఉంటుంది. సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు దాటితేగాని పొగరాదు కనుక వేపుళ్ళకు అనువు. దానిలో సగానికి పైగా లినోలెయిక్ ఆమ్లం, నాలుగవ వంతు సంతృప్త క్రొవ్వులు. వీటిలో ముఖ్యమైన పామిటిక్ ఆమ్లం వలననే చలికాలపు ఉదయాన సీసాలో మసక కనబడుతుంది. అది కల్తీ కాదు. గుజరాతులో ఇంటింటా వాడే నూనెలలో ఇదొకటి.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో మాత్రం గింజకు మరొక గౌరవం. 1970లో సూరత్ కేంద్రంనుండి సి.టి. పటేల్ ‘హెచ్-4’ సంకర ప్రత్తిని విడుదల చేశాడు. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసి, మరునాటి ఉదయం వేరొక రకం పుప్పొడిని చేతితో అద్దాలి. ఆ పనికే గద్వాల పొలాలు నేడు ప్రసిద్ధి. అక్కడ పంట విత్తనమే, దూది కాదు. మందు పట్టించి రంగు వేసిన అటువంటి విత్తనం మిగిలినా గానుగకు గాని, దాణాకు గాని చేరకూడదు. అది శుద్ధితో సరిపెట్టుకొనే వ్యవహారం కాదు.

గాసిపోల్ లేని ప్రత్తిని 1950 దశకంలోనే అమెరికాలో పెంచారు. రక్షణ పోయిన ఆ మొక్కలను పురుగులు తినివేశాయి. 2006లో టెక్సాస్‌లో కీర్తి రాథోర్ బృందం ఆకులలో గాసిపోల్‌ను ఉంచి, గింజలో మాత్రం దాదాపు లేకుండా చేసింది. 2019లో ఆ గింజను మనుషుల ఆహారానికి అమెరికా అనుమతించింది.