వ్యాసుని కోపం – ద్రాక్షారామ ప్రస్థానం: నేరస్థుల కోపచికిత్స చరిత్రకు ఒక తెలుగు ఉపపత్తి

ఉపోద్ఘాతం

కోపాన్ని పాపంగా, అరిషడ్వర్గంలో ఒకటిగా చూడటం మన వాఙ్మయంలో అతి ప్రాచీనం. దానిని చికిత్సకు లొంగే ఆలోచనాక్రమంగా గుర్తించి, ఆ చికిత్సను కారాగారంలోకి తీసుకుపోవడం మాత్రం 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగిన పరిణామం. శ్రీనాథుడు కాశీఖండంలోను, భీమఖండంలోను చెప్పిన వ్యాసుని కథను ఈ పరిణామం పక్కన నిలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. శ్రీనాథునికి ఆధునిక మనోవిజ్ఞానం తెలుసని చెప్పడం ఇక్కడ అభిమతం కాదు. కోపంతో తప్పు చేసినవాడిని ఏమి చేయాలి అన్న ప్రశ్నకు ఆయన కావ్యాలు ఒక క్రమబద్ధమైన సమాధానాన్ని ఇచ్చాయి. ఆ సమాధానంలో నేటి చికిత్సకు పనికివచ్చే అంశమూ, దానిని ప్రశ్నించే అంశమూ రెండూ ఉన్నాయి.

చికిత్స పుట్టుక

1974లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మార్టిన్సన్ కారాగార సంస్కరణ కార్యక్రమాలను సమీక్షించి, వాటి ఫలితం స్వల్పమన్న నిరాశను మిగిల్చాడు. మరుసటి ఏడాది, 1975లో, రేమండ్ నోవాకో కోపనియంత్రణపై తన గ్రంథాన్ని వెలువరించాడు. అప్పటికే ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ వేసిన పునాదిపై సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స రూపుదిద్దుకొంటున్నది. సంఘటన నేరుగా కోపాన్ని పుట్టించదు. ఆ సంఘటనకు మనిషి ఇచ్చుకొనే అర్థం పుట్టిస్తుంది అన్నది దాని మూలసూత్రం. డొనాల్డ్ మైకెన్‌బామ్ పద్ధతిని అనుసరించి నోవాకో చికిత్సను మూడు దశలుగా నిర్మించాడు: తన కోపం తీరును తాను గుర్తించడం, దానిని నిలువరించే నేర్పులను అలవరచుకోవడం, వాటిని కృత్రిమంగా కల్పించిన కవ్వింపుల ఎదుట అభ్యసించడం. 2005లో లాండెన్‌బర్గర్, లిప్సీ 58 అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఈ తరహా కార్యక్రమాల వల్ల పునర్నేరాలు సగటున 25 శాతం తగ్గినట్లు తేల్చారు. కోపనియంత్రణ భాగమైన కార్యక్రమాలలో ఫలితం మరింత మెరుగ్గా కనిపించింది.

కాశిలో జరిగింది

వ్యాసుడు శిష్యులతో కాశీలో భిక్షకు తిరిగాడు, ఎవరూ పెట్టలేదు. మరునాడూ అంతే. ఆకలి కోపమయింది. కాశీవాసులకు మూడు తరాల దాకా విద్య, ధనం, ముక్తి లేకుండా పోవాలని శపించబోయాడు. పట్టెడన్నం దొరకకపోవడం సంఘటన. దానిని ఊరంతటి దోషంగా, మూడు తరాలకు చెందిన అపరాధంగా విస్తరించడం ఆలోచన. ఒక్క అనుభవాన్ని సర్వానికీ వర్తింపజేసే ఈ అతివ్యాప్తినే నేటి చికిత్సకులు ఆలోచనా దోషాలలో మొదటి వరుసలో చెబుతారు.

ఆ క్షణంలో ఒక ఇంటి వాకిట పార్వతీదేవి ముత్తైదువ రూపంలో కనిపించింది. ఆమె మొదట మందలించింది. ఏరుకొన్న గింజలతో, నివ్వరి ధాన్యంతో, దుంపలతో కాలం గడిపే తాపసులు నీకంటె తెలివితక్కువవారా అని అడిగింది. ఉన్న ఊరు కన్నతల్లితో సమానమని గుర్తుచేసింది. ఇది వ్యాసుని ఆలోచనకు ఎదురుగా మరొక ఆలోచనను నిలపడం. ఆపైన భోజనానికి పిలిచింది. వ్యాసుడు శిష్యులతో గంగలో స్నానం చేసి వచ్చాక అందరికీ వడ్డించింది. మాట, విరామం, అన్నం అన్న ఈ వరుస గమనించదగినది. ఆకలి అబద్ధమని ఆమె ఎక్కడా అనలేదు. ఆకలికీ శాపానికీ నడుమ ఉండవలసిన ఎడాన్ని మాత్రం ఏర్పరచింది. 2024 వరకు అమలులో ఉన్న భారతీయ శిక్షాస్మృతి 300వ విభాగంలోని మొదటి మినహాయింపు తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపును లెక్కలోకి తీసుకొనేది. 1961 నాటి నానావతి తీర్పు కోపం చల్లారే వ్యవధి ఉన్నదా అని చూసింది. చట్టం నేరం జరిగాక కొలిచే వ్యవధిని చికిత్స నేరానికి ముందే పెంచాలని చూస్తుంది.

ద్రాక్షారామం, కోటిపల్లి

కథ అన్నంతో ముగియదు. శివుడు వ్యాసుని కాశి విడిచిపొమ్మన్నాడు. ఉపశమనం కలిగింది కనుక శిక్ష రద్దు కాలేదు. అయితే ఆ శిక్షకు ఒక గమ్యం ఉంది. భీమఖండంలో వ్యాసునికి తోడై అతనిని దక్షిణకాశి అయిన ద్రాక్షారామానికి చేర్చినవాడు అగస్త్యుడు. అగస్త్యుడూ వింధ్యగర్వాన్ని అణచడానికి కాశిని వదులుకొన్నవాడే. వ్యాసుని దుఃఖం అనుభవపూర్వకంగా తెలిసినవాడే అతనికి దారి చూపాడు.

ద్రాక్షారామానికి చేరువలో, కె.గంగవరం మండలంలో గౌతమీ తీరాన, కోటిపల్లి ఉంది. తారను కోరిన దోషాన్ని చంద్రుడు అక్కడ సోమేశ్వరుని ప్రతిష్ఠించి పోగొట్టుకొన్నాడని స్థలపురాణం. అక్కడి ప్రాయశ్చిత్తం గడిచిన పాపాన్ని కడుగుతుంది. ద్రాక్షారామ కథ పాపం పుట్టే తీరును చూపుతుంది. మన కారాగారాలు చాలాకాలం మొదటి మార్గంలోనే నడిచాయి: శిక్షాకాలం పూర్తి అయితే దోషం తీరినట్లే. తెలంగాణ జైళ్ళలో ఉస్మానియా విశ్వవిద్యాలయ మనోవిజ్ఞాన ఆచార్యులు బీనా చింతలపురి రూపొందించిన ‘ఉన్నతి’ కార్యక్రమం రెండవ మార్గానికి చెందినది. ఖైదీల ఆలోచనా సరళిని మార్చడం దాని లక్ష్యం.

కథ లేవనెత్తే ప్రశ్న

కాశీలో భిక్ష దొరకకుండా చేసినవాడు శివుడే, అది పరీక్ష. కవ్వించే అధికారం, శిక్షించే అధికారం ఒక్కచోటనే ఉన్నాయి. కిక్కిరిసిన గదులు, తెమలని విచారణలు, అవమానాలు ఖైదీకి కోపం తెప్పిస్తుండగా, ఆ కోపాన్ని అతని వ్యక్తిగత లోపంగా మాత్రమే చూసే చికిత్సకు ఈ ప్రశ్న వర్తిస్తుంది. 2022 మే 24న, జిల్లా పేరు మార్పు వివాదంలో, అమలాపురంలో మంత్రి, శాసనసభ్యుల ఇళ్ళు తగలబడ్డాయి. ఆ గుంపులోని ఒక్కొక్కరికి కోపనియంత్రణ నేర్పినా, ఆ కోపం వెనుకనున్న సామాజిక చరిత్ర చికిత్సకు అందదు. అలాగని ఆ చరిత్ర నిప్పుపెట్టిన చేతిని నిర్దోషిని చేయదు.

ముగింపు

శ్రీనాథుని కథలో వ్యాసునికి ముందు మాట, తరువాత అన్నం, ఆపైన శిక్ష, చివరకు తోడు లభించాయి. ఆధునిక చికిత్స మాటను శాస్త్రీయం చేసింది. శిక్షను న్యాయస్థానం చూసుకొంటున్నది. అన్నం, తోడు అన్న రెండింటి స్థానం మన కారాగార వ్యవస్థలో ఇంకా నిర్ణయం కావలసి ఉంది. తెలుగు ఖైదీలకు ఇచ్చే శిక్షణలో దృష్టాంతాలు అవసరమైనప్పుడు, పదవ తరగతి ‘భిక్ష’ పాఠంగా చాలామందికి పరిచితమైన ఈ కథను పరిశీలించవచ్చు. అయితే దానిని కోపం తగదన్న నీతిగా కుదించకుండా, ఆకలిని కూడా వదలక చెప్పినప్పుడే అది శ్రీనాథుని కథ అవుతుంది.