మిత్రుడను పిలుపు

క్వేకరులని లోకము పిలిచెడి క్రైస్తవ శాఖవారు తమ్ము తాము మిత్రులని చెప్పుకొందురు. 17వ శతాబ్దపు నడుమ ఇంగ్లండున జార్జి ఫాక్సు బోధవలన ఈ సమాజ మేర్పడెను. వీరు న్యాయాధిపతి యెదుటనైనను టోపీ తీయరైరి. ప్రభువును, పాలేరును ఒక్కతీరున ఏకవచనముననే పిలిచిరి. అందులకై పెక్కండ్రు చెరసాలల పాలైరి. ప్రేమ ప్రార్థనామందిరమున మాత్రమే గాక పిలుపులోను, బేరములోను, భోజనపంక్తిలోను కానరావలెనని వారి మతము.

ఏకవచనముననే సమత్వ మున్నదని మాత్రము మనము భ్రమపడరాదు. జనగామకు చేరువనున్న రఘునాథపల్లి ప్రాంతపు పల్లెలలో నిజాము కాలపు వెట్టివాడు దొరతో ‘నీ బాంచను, కాల్మొక్త’ అనెడివాడు. అదియు ‘నీ’ యే గదా! కావున మాటను విడిచి నడతను చూడవలెను. నడతకు జాన్ వూల్మను కంటె మంచి నిదర్శనము నాకు తోచదు.

ఇతడు 1720లో అమెరికాయందలి న్యూజెర్సీలో పుట్టిన క్వేకరు, కుట్టుపనివాడు. యౌవనమున ఒక అంగడిలో గుమాస్తాగా నుండగా యజమాని తన నల్లజాతి దాసిని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమనెను. కొన్నవాడును క్వేకరే. వూల్మను వ్రాసెను గాని మనసు కలతపడెను. పిమ్మట అట్టి పత్రములు వ్రాయ నిరాకరింపసాగెను. 1757లో దక్షిణ సీమలలో సంచరించునపుడు బానిసలుగల యిండ్లలో బసచేయవలసివచ్చెను. గృహస్థు డేమియు పుచ్చుకొనడు; కాని యా యాతిథ్యమునకు వెల చెల్లించునది బానిసల యొడలు. అందుచే వూల్మను చిన్న వెండి నాణెములు వెంట గొనిపోయి, తనకు పరిచర్య చేసినవారికి ముట్టజెప్పుచు వచ్చెను. గృహస్థునకు కష్టము తోచునేమో యను సంకోచము పడుచునే యిచ్చెను. అతడు 1772లో మరణించెను. 1776లో ఫిలడెల్ఫియా క్వేకరుల సభ బానిసలను విడువనివారిని సమాజమునుండి తొలగించెను.

ఆ నాణెములను మన పల్లెలకు తెచ్చి చూడుడు. అధికారి మకాము చేసినపుడు చాకలి చాకిరి చేసెను, కుమ్మరి కుండ లిచ్చెను, మాదిగ వర్తమానము మోసెను. కూలి యిచ్చుట యెవరికిని తోచలేదు. ఆ యతిథులలో దాతలును, నిత్యము దేవపూజ చేయువారును లేకపోలేదు!

ఓరుగల్లు సీమలో ఈ విషయమును తన జీవితకార్యముగా గొన్నవాడు అజరయ్య. ఈయన క్వేకరు గాడు. ఆంగ్లికను సంఘమువాడు, తిరునెల్వేలి తమిళుడు. 1909లో దోర్నకల్లు చేరి తెలుగు నేర్చెను. 1910లో ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల యెదుట నిలిచి, వారి దానములను, త్యాగములను కొనియాడుచునే, తమకు కొరవడినది స్నేహమని చెప్పెను. భారతీయుని తమ బల్లయొద్ద భోజనమునకు పిలువని మిషనరీలు పెక్కు రుండిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. 1912 డిసెంబరు 29న భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పయి ఆయన దోర్నకల్లునకే మరలెను. అచటి సంఘమున మాలలు, మాదిగలు మెండు. వారి నడుమ ఎడము చాల పాతది. తెల్లవారి నడిగిన స్నేహమును ఇచట తనవారినే యడుగవలసివచ్చెను; 1945 జనవరి 1న మరణించువరకు అడుగుచునే యుండెను.