మందుల ధరలు - ఫార్మసిస్టు మాట



పోచారం చుట్టుపక్కల పాతవాళ్ళకు ఆనాటి కాంపౌండరు గుర్తుండే ఉంటాడు. చిన్నతనంలో మా నాయన వెంట ఎల్లారెడ్డి దవాఖానాకు పోతే ఖాళీ సీసా ఇంటి నుంచే తీసుకుపోయేవాళ్ళం. కాంపౌండరు అందులో మిక్చరు పోసి, మోతాదు తెలిసేటట్లు గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించి, ఎప్పుడెంత తాగాలో రెండుసార్లు చెప్పి పంపేవాడు.

తర్వాత మిక్చరు పోయి గోలీలు వచ్చాయి. అప్పుడు అమలులో ఉన్నది 1911 నాటి పేటెంటు చట్టం. కొత్త మందులు ఎక్కువగా విదేశీ కంపెనీల చేతిలో ఉండి, ధరలు సామాన్యునికి అందేవి కావు. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ నుండి అమలైంది. మందుకు కాక, తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు అన్నారు. అదే మందును వేరే పద్ధతిలో మనవాళ్ళు చేసుకోవచ్చు. 2005లో మందులకు మళ్ళీ పేటెంటు వచ్చేదాకా ఈ వెసులుబాటు సాగింది.

1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహాయంతో హైదరాబాదు బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అందులో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ధరల నియంత్రణకు 1970లోనే ఉత్తర్వు వచ్చింది. 1997లో జాతీయ ఔషధ ధరల సంస్థ, 2008లో జన్ ఔషధి దుకాణాలు వచ్చాయి.

ఇంత జరిగినా చౌక మందు మన ఇంటికి దానంతట అది రాదు. నా సంగతే చెబుతాను. రిటైరైన కొత్తలో అప్పుల వాయిదాలు కట్టలేక, బి.పి. గోలీ దినం విడిచి దినం వేసుకునేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కామారెడ్డిలో ఒక ఫార్మసిస్టు నా చీటీ చూసి, "సార్, ముప్పై గోలీలు రెండు నెలలు ఎట్ల వచ్చినయి?" అని అడిగాడు. సిగ్గుపడుతూనే నిజం చెప్పాను. అతడు కోప్పడలేదు. గోలీలోని అసలు మందు పేరు కాగితం మీద రాసి, "డాక్టరు గారికి చూపించి ఈ పేరుతోనే రాయించుకోండి" అన్నాడు. చీటీలోని కంపెనీ మందుకు బదులు వేరొకటి తనంతట తాను ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని కూడా చెప్పాడు. డాక్టరు గారు అట్లాగే రాశారు. ఖర్చు సగానికన్నా తగ్గింది. ఆనాటి నుండి ఒక్క పూట తప్పలేదు.

కాబట్టి మిత్రులకు నా మనవి. మందుల షాపులో చీటీ ఇచ్చి ఊరుకోకండి. ఇదే మందు జనరిక్‌లో దొరుకుతుందా అని అడగండి. ఇద్దరు డాక్టర్ల చీటీలుంటే రెండూ చూపించండి. ఒకే మందు రెండు పేర్లతో ఉంటే ఫార్మసిస్టు పసిగడతాడు. నెలకు సరిపడా డబ్బు లేకపోతే పది రోజులకే కొనండి. విడిగా అమ్మినా, లెక్క ప్రకారం పడే ధర కన్నా ఎక్కువ తీసుకోరాదని ధరల ఉత్తర్వులోనే ఉంది. మూర్ఛ, థైరాయిడ్ వంటి జబ్బులకు మాత్రం డాక్టరును అడగనిదే కంపెనీ మార్చకండి.

ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద ప్రశ్నలు రాసినవాళ్ళం. మన ప్రాణం కోసం ఒక ప్రశ్న అడగడానికి మొహమాటం ఎందుకు?